ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్: మిషన్‌లో ఉన్న తమ్ముడికి ఏం చెప్పాలి?

పర్లాకిమిడి అక్క

అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి. మా తమ్ముడు విశాఖలో డిగ్రీ చదివేటప్పుడు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో చేరాడు. జనం మోర్మన్లు అంటారే, వాళ్ళే. బెంగళూరు కేంద్రంగా ఉన్న వాళ్ళ మిషన్‌లో రెండేళ్ళ సువార్త సేవకి పిలుపు వచ్చింది. నాలుగున్నర నెలలుగా రాజమండ్రిలో ఉన్నాడు. మొన్న శనివారం ఫోన్ వచ్చిందట, బుధవారం కోయంబత్తూరు బయల్దేరాలని. వాడికి తమిళం ఒక్క ముక్క రాదు.

సోమవారం ఇంటికి వీడియో కాల్ చేస్తాడు, వాళ్ళకి బట్టలు ఉతుక్కోవడానికీ సరుకులు తెచ్చుకోవడానికీ ఆ రోజు ఇస్తారు. ముఖం చూస్తేనే తెలిసింది. "ఇప్పుడిప్పుడే అక్కడి పిల్లలు నా దగ్గరికి చేరుతున్నారక్కా, ఇంతలో పెట్టె సర్దుకోవాల్సి వచ్చింది" అన్నాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఇంట్లో మేమెవరం ఆ సంఘం వాళ్ళం కాదు, వాడికి ఏం చెప్పి పంపాలో తెలియడం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు రాయండి.

బరంపురం ఎల్డర్

అక్కా, నాది బరంపురం. 2014లో మిషన్‌కి వెళ్ళి 2016లో తిరిగొచ్చాను. అక్కడ మగపిల్లల్ని ఎల్డర్ అనీ ఆడపిల్లల్ని సిస్టర్ అనీ పిలుస్తారు. ఆరు వారాలకోసారి అందరినీ మార్చేస్తారని కంగారు పడకండి. మిషన్ ప్రెసిడెంట్ ప్రార్థన చేసుకుని ఎవరు ఎక్కడ, ఎవరితో ఉండాలన్నది అప్పుడు మళ్ళీ చూస్తారు, అంతే. ఒకే ఊళ్ళో ఆరు నెలలు ఉన్నవాళ్ళు ఉన్నారు. కొత్తవాడికి పని నేర్పే ట్రైనర్‌తో పన్నెండు వారాలు లెక్క. ఏ ఊరు కావాలి, ఏ కంపానియన్ (ఎప్పుడూ కూడా ఉండే జోడీ) కావాలి అని మనల్ని అడగరు. తెలిసే వెళ్తాం. అయినా ఆ శనివారం ఫోన్ మోగితే గుండె దడదడలాడుతుంది.

నా మొదటి ఏరియా, అంటే సేవ చేసే చోటు, హైదరాబాద్. మేం వీధుల్లో తలుపులు కొట్టేవాళ్ళం కాదు, సంఘస్థులు పరిచయం చేసిన ఇళ్ళకే వెళ్ళేవాళ్ళం. ఒక టైలర్ అన్న ఇంట్లో మొదటి రోజు టీ ఇచ్చారు. మేం టీ, కాఫీ తాగం. వద్దనేసరికి వదిన చిన్నబుచ్చుకుంది. రెండు నెలలు తిరిగాక, మేం వెళ్ళే వేళకి కరివేపాకు నలిపి వేసి మజ్జిగ కలిపి ఉంచడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ట్రాన్స్‌ఫర్ వచ్చింది. అన్న బాప్తిస్మం తీసుకున్న రోజుకి నేను చెన్నైలో ఉన్నాను. మెయిల్‌లో ఫొటో వచ్చింది, తెల్లబట్టల్లో అన్న, పక్కన నా బదులు వచ్చిన ఎల్డర్. సంతోషమూ ఏడుపూ కలిసి వచ్చాయి. అప్పట్లో ఇంటికి ఫోన్ అంటే క్రిస్మస్‌కి ఒకసారి, మదర్స్ డేకి ఒకసారి. వారానికోసారి మాట్లాడుకోవచ్చన్నది 2019 ఫిబ్రవరిలో వచ్చిన మార్పు. మా అమ్మకి చదువు రాదు, నా మెయిల్ చెల్లి చదివి వినిపించేది. అందుకని బెంగ ఎప్పుడూ రాయలేదు.

చెన్నైలో నేను చేసిన తప్పు చెబుతాను. మొదటి రెండు వారాలూ "హైదరాబాద్‌లో ఇలా ఉండేది, అలా చేసేవాళ్ళు" అంటూనే గడిపాను. ఒక రాత్రి కంపానియన్ ఇక ఆగలేక, "ఎల్డర్, ఇక్కడివాళ్ళు ఏం తక్కువ చేశారు మీకు?" అని అడిగాడు. నాకు జవాబు లేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు, తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఉంచే ఏరియా పుస్తకంలో పేర్లు, అడ్రసులు మాత్రమే రాశాను. వదినకి మోకాళ్ళ నొప్పి, బస్సు ఎక్కలేదు, ఆదివారం ఎవరైనా బండి పంపాలి అన్నది రాయలేదు. అది నా తలలోనే ఉండిపోయింది. మూడు ఆదివారాలు ఆవిడ ఇంట్లోనే కూర్చుంది, కొత్తవాళ్ళు ఆసక్తి తగ్గిందనుకున్నారు. ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది. తర్వాత ప్రతి ఏరియాలో ఎవరికి షుగర్, ఏ పిల్లాడికి పదో తరగతి, ఏ తాతగారికి ఎడమ చెవి వినపడదు, అన్నీ రాసి పెట్టాను. తమ్ముడు బుధవారం లోపల ఆ పని చేస్తే చాలు, మిగతాది మెల్లగా సర్దుకుంటుంది.

సిరొంచ అమ్మ

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. గోదావరి అవతలి ఒడ్డు కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. మా బిడ్డ పద్దెనిమిది నెలలు సిస్టర్‌గా సేవ చేసి వచ్చింది. నాలుగు ఏరియాలు మారింది. ఊళ్ళు మారడం ఆమెకి అంత కష్టం కాలేదు. మనిషి మారడమే కష్టమయింది. రాత్రీ పగలూ కంపానియన్‌తోనే ఉండాలి కదా, ఒంటరిగా బజారుకి కూడా పోరాదు. ఒక కంపానియన్ వారం రోజులు అవసరానికి మించి మాట్లాడలేదట. బిడ్డ ఫోన్లో ఏడిస్తే నాకు నిద్ర పట్టేది కాదు. తర్వాత తెలిసింది, ఆ పిల్ల ఇంటి దగ్గర తండ్రికి బాగాలేదట, చెప్పుకోలేక మూగగా ఉందట. ఒకరోజు మా బిడ్డ జొన్నరొట్టె చేస్తుంటే పక్కన నిలబడి, మా నాన్నకి ఇది ఇష్టం అని ఏడ్చిందట. ఇప్పుడు ఇద్దరూ అక్కాచెల్లెళ్ళలెక్క ఉంటారు. మీ తమ్ముడికి కొత్త కంపానియన్ ఇంటి సంగతులు ముందు అడగమని చెప్పమ్మా.

కొరాపుట్ పాస్టర్ గారబ్బాయి

మా నాన్నగారు లూథరన్ పాస్టర్. నమ్మకాల్లో మీ తమ్ముడి సంఘానికీ మాకూ చాలా తేడా ఉంది, ఆ వాదన ఇక్కడ వద్దు. జయపురం, నవరంగపూర్, గుణుపూర్ అని బండెడు సామాన్లతో తిరిగినవాణ్ణి కనుక రాస్తున్నాను. కొత్త ఊరిని పాత ఊరితో పోల్చడం తప్పన్న ఎల్డర్ మాటతో ఏకీభవిస్తాను. పాత ఊరిని మరచిపొమ్మని మాత్రం ఎవరూ చెప్పకండి. నాకు అలా చెప్పారు, గుణుపూర్ మీద ఏడాది పాటు కోపం పెంచుకున్నాను.

భాష సంగతికి వస్తే, మీ ఊళ్ళో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారినే తలచుకోండి. సవర గిరిజనులతో మాట్లాడాలని వాళ్ళ భాష పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. అన్నేళ్ళ శ్రద్ధ అది. మీ తమ్ముడికి ముందు పది మాటలు వస్తే చాలు. కోయంబత్తూరు వైపు మాట చివర "ంగ" చేర్చి మర్యాదగా మాట్లాడతారు. "సాప్టీంగళా" అంటే తిన్నారా అని. ఇంకో సంగతి, అక్కడ తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. మనం ఒడిశాలో ఉన్నట్టే వాళ్ళూ అక్కడ ఉన్నారు.

పర్లాకిమిడి అక్క

అందరికీ ధన్యవాదాలు. ఆలస్యంగా రాస్తున్నాను. మంగళవారం రాత్రి పదిన్నరకి లైటు ఆర్పేదాకా కూర్చుని ఏరియా వివరాలన్నీ రాశాడట, కంపానియన్ చదివి "ఇవి నాకే తెలియవు" అన్నాడట. నిన్న కోయంబత్తూరు నుంచి కాల్ చేశాడు. అమ్మ ఫోన్ లాక్కుని ముందుగా "సాప్టీంగళా" అంది. వాడు నవ్వి, ఆ తర్వాత కాసేపు ఏం మాట్లాడలేకపోయాడు. అక్కడ ఒక పెద్దావిడ ఆదివారం తెలుగులో పలకరించిందట, మనకి వినపడని పాత మాటలు కొన్ని ఉన్నాయట. రాజమండ్రి బెంగ పోలేదు. పోవాలని మేమూ అనడం లేదు.

ఎల్డర్ తమ్ముడూ, ఆ వదిన ఎలా ఉన్నారు?

బరంపురం ఎల్డర్

మోకాలికి ఆపరేషన్ అయిందక్కా. ఇప్పుడు బస్సు ఎక్కుతోంది.