18 మందితో మయోటోనియా ట్రయల్: క్రాస్ఓవర్ చాలా?

ప్రశ్న:
నాన్-డిస్ట్రోఫిక్ మయోటోనియాకి (బిగిసిన కండరం వెంటనే సడలని అరుదైన జబ్బు) సోడియం ఛానల్ బ్లాకర్ (కండరం అతిగా స్పందించకుండా ఆపే మందు) ట్రయల్ ప్రోటోకాల్ రాస్తున్నాం. మందు హాఫ్ లైఫ్ (ఒంట్లో సగానికి తగ్గే సమయం) 12 గంటలు. మూడు సెంటర్లు కలిపినా 18 మందికి మించి దొరకరు. ప్లాసిబోతో (మందు లేని ఉత్తి మాత్ర) క్రాస్ఓవర్ (ఒక్కొక్కరికీ రెండూ వేర్వేరు పీరియడ్లలో ఇవ్వడం) పెడితే ఎక్కడ దెబ్బతింటుంది?

బయోస్టాట్:
రెండు గ్రూపుల మాట మర్చిపోండి. బిగుతు స్కోరులో 1.5 తేడా పట్టాలి, ఎస్‌డీ (స్కోర్లు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 2 అనుకుంటే, ఉన్న తేడాను పట్టే 80 శాతం పవర్‌కి గ్రూపుకి 28, మొత్తం 56 మంది కావాలి. క్రాస్ఓవర్‌లో ఎవరికి వారే కంట్రోల్. ఒకే మనిషి రెండు కొలతల మధ్య కోరిలేషన్ (పొంతన) 0.5 ఉంటే 14 మంది చాలు, చిన్న శాంపిల్ సవరణతో 16. అదే 0.3 అయితే 20 దాటిపోతుంది. కాబట్టి ఆ 0.5 ఏ డేటాలోంచి తీశారో రాయకపోతే మొదటి రివ్యూలోనే పట్టుకుంటారు. పైగా మధ్యలో మానేసినవాళ్లు దాదాపు లెక్కలోంచి పోయినట్టే.

న్యూరో:
వాష్ఔట్ (మొదటి మందు ఒంట్లోంచి పోయేదాకా ఇచ్చే గ్యాప్) పెద్ద సమస్య కాదు. 5 హాఫ్ లైఫ్‌లంటే 60 గంటలు, వారం ఇస్తే ధారాళం. అసలు చిక్కు చలి. పారామయోటోనియా (ఈ జబ్బులో ఒక రకం) ఉన్నవాళ్లకి చలికి బిగుతు పెరుగుతుంది. ఒక పీరియడ్ డిసెంబరులో, ఇంకోటి ఫిబ్రవరిలో పడితే వాతావరణమే మందులా కనబడొచ్చు. సెంటర్‌వారీగా బ్లాకులు (చిన్న గుంపులు) పెట్టి, సగం మంది మందుతో, సగం మంది ప్లాసిబోతో మొదలయ్యేలా చూడండి.

పిడికిలి పరీక్ష కూడా జాగ్రత్త. ఇంకో రకమైన మయోటోనియా కంజెనిటాలో పదేపదే బిగిస్తే సడలింపు తేలికవుతుంది, పారామయోటోనియాలో ముదురుతుంది. ముందు 10 నిమిషాల విశ్రాంతి, ఒకే గది ఉష్ణోగ్రత, లెక్కపెట్టిన బిగింపులు. టెక్నీషియన్ "ఓసారి ట్రై చేయండి" అన్నాడంటే ఆ కొలత చెడినట్టే. చేర్చుకునే ముందు ఈసీజీ తప్పనిసరి.

ట్రయల్ డిజైన్:
మెక్సిలెటిన్ (ఇదీ సోడియం ఛానల్ బ్లాకరే) మీద నెదర్లాండ్స్‌వాళ్లు 2018లో ప్రచురించిన ఎన్-ఆఫ్-1 ట్రయళ్లు (ఒక్కో పేషెంటుకి విడిగా చేసేవి) చూడండి. 30 మంది. 4 వారాలు మందు, వారం గ్యాప్, 4 వారాలు ప్లాసిబో కలిపి ఒక సెట్, వరస లాటరీ. ప్రతి సెట్ తర్వాత బేయీజియన్ లెక్క (కొత్త డేటా వచ్చేకొద్దీ అంచనా మార్చేది) వేసి, తేలినవాళ్లకి అక్కడే ఆపేశారు. ఫలితం అదే మందు మీద 2012 నాటి 59 మంది క్రాస్ఓవర్‌కి దగ్గరగానే వచ్చింది. బ్లైండింగే (ఏది ఇస్తున్నారో తెలియనివ్వకపోవడం) బలహీనత: కడుపులో మంట మొదలైతే ఇది మందేనని పేషెంటు పసిగట్టేస్తాడు. ప్రతి పీరియడ్ చివర "ఏది తీసుకున్నారనుకుంటున్నారు?" అని అడిగి ఆ జవాబు నమోదు చేయండి.

ప్రశ్న అడిగినవారు:
సీఎల్ఎన్2 (మెదడు క్రమంగా దెబ్బతినే వంశపారంపర్య జబ్బు) లాంటి పిల్లల జబ్బుకి ఇది కుదురుతుందా?

న్యూరో:
కుదరదండీ. రెండో పీరియడ్‌కి పిల్లలు మొదటి స్థితిలో ఉండరు. సీఎల్ఎన్2 మందు సెర్లిపోనేస్ ఆల్ఫాకి 23 మందికి మందిచ్చి, మందు లేని 42 మంది పాత రికార్డులతో పోల్చారు. ఇలాంటిచోట రెండు వైపులా స్కోరు వేసేవాళ్లు వేరైతే ఆ తేడా కూడా మందు ఖాతాలోనే పడుతుంది. రిజిస్ట్రీ (పేషెంట్ల నమోదు) మొదలైన రోజు నుంచే వీడియోలు తీసిపెట్టండి, ఒకే బృందం మందు సంగతి తెలియకుండా అన్నీ చూసి స్కోరు వేయొచ్చు.