61 ఏళ్ల వయసులో, ఈ ఎండావానల్లో రోజూ బయటే పరుగెత్తాలా?

కృష్ణాతీరం
నమస్కారం. నాకు 61. రిటైరై మూడేళ్లు, ఉండేది విజయవాడ. ఇప్పటికి నాలుగు హాఫ్ మారథాన్లు చేశాను. ఆగస్టు ఆఖరి ఆదివారం హైదరాబాద్‌లో మొదటిసారి ఫుల్, అంటే 42.195 కిలోమీటర్లు, పరుగెత్తబోతున్నాను. ఇంకో పది వారాలుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో కూడా ఒక్కరోజు మానలేదు. నాలుగింటికే లేచి, బ్యారేజీ దాటి, సీతానగరం దగ్గర కరకట్ట అందుకుని వెంకటపాలెం దిక్కుగా వెళ్లి వెనక్కి వచ్చేవాణ్ణి. మృగశిర వచ్చాకే కష్టం మొదలైంది. ఒకరోజు వాన, మర్నాడు ఉక్క. మొన్న ఆదివారం 16 కిలోమీటర్లకు బయల్దేరేముందు తూకం చూసుకుంటే 68.4 కిలోలు. తిరిగొచ్చి ఒళ్లు తుడుచుకుని చూస్తే 66.6. దారిలో అర లీటరు నీళ్లు తాగాను కూడా. అంటే రెండు లీటర్ల పైచిలుకు చెమట. మంగళవారం సగం దారిలో వాన అందుకుంది. బూట్లు బకెట్లో ముంచి తీసినట్టయ్యాయి, ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది.

ఇంట్లోవాళ్లు, పాత ఆఫీసు మిత్రులు ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కమంటున్నారు. రేస్ రోజున ఏసీ ఉండదు కదా అంటాను నేను. రోజూ బయటే పరుగెత్తడం తప్పా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గుణదల_వాసి
తప్పే. ఈ వయసులో చీకట్లో, ఆ కరకట్ట మీద, వానలో. ట్రెడ్‌మిల్ ఎక్కండి. ఇందులో చర్చించడానికేమీ లేదు.

రింగురోడ్డు
బాబాయ్, తడిసిన బూట్లలో పాత న్యూస్‌పేపర్ కుక్కి పెట్టండి. రెండు గంటలకోసారి మార్చండి. ఎండలో పెట్టొద్దు, అతుకు ఊడిపోతుంది. బొబ్బ రాకుండా ముందే వాజిలిన్ రాసుకోండి.

బందరు_కాలువ
అసలు తెల్లవారుజామున పరుగెత్తడమే పొరపాటు. నా ఫోన్‌లో నెల రోజుల లెక్క ఉంది. ఉదయం 5 గంటలకు తేమ 85 శాతం, సాయంత్రం 6 గంటలకు 54. తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. సాయంత్రానికి మార్చుకోండి, మీ సమస్య తీరిపోతుంది.

విశాఖ_అక్క
నాకు 57, హాఫ్ వరకే చేశాను. వైజాగ్‌లో ఏడాదంతా ఉక్కే. అలవాటు పడాలంటే బయటే పరుగెత్తాలి, అందులో అనుమానం లేదు. ఒంటికి వేడి అలవాటు కావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. చెమట తొందరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం ఆ రోజుల్లోనే జరుగుతుంది. రెండు మూడు వారాలు మానేస్తే ఆ అలవాటు పోతుంది. ఏసీలో ట్రెడ్‌మిల్ మీద ఊపిరి పెరుగుతుందేమో గానీ ఇది రాదు.

అయితే ఉక్క రోజున పేస్, అంటే కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో అన్నది, చూసుకోవద్దు. పక్కన ఎవరో ఉన్నారనుకుని మాట్లాడి చూడండి. ఒక వాక్యం పూర్తిగా అనలేకపోతే నడవండి.

ఫిజియో_ఖమ్మం
ఎండా, వానా కన్నా "రోజూ" అన్న మాటే నన్ను ఇబ్బంది పెడుతోంది. అరవై దాటాక కండరం కోలుకోవడానికి టైమ్ ఎక్కువ పడుతుంది. గుండె, ఊపిరి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. కాలి వెనక నరం లావుగా తగులుతుందే మడమ దగ్గర, అలాంటివాటికి నెలలు కావాలి. అందుకే ఊపిరి బాగుందని దూరం పెంచినవాళ్లే మడమ నొప్పితో నా దగ్గరికి వస్తారు. వారానికి నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు నడకో సైకిలో, ఒకరోజు పూర్తి విశ్రాంతి. ఇంతకు మించి వద్దు.

కృష్ణాతీరం
ఫిజియో గారూ, నేను రోజూ 16 పరుగెత్తడం లేదండి. సోమ, శుక్రవారాల్లో 5 కిలోమీటర్లు, అదీ మెల్లగా. అది విశ్రాంతి కిందకే వస్తుందని నా ఉద్దేశం. ఒక్కరోజు మానితే రెండోరోజు మానడం తేలిక. ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే.

గుణదల_వాసి గారూ, కరకట్ట మీద పొద్దున్నే చాలామంది నడుస్తుంటారు. చీకటికి తలకు కట్టుకునే లైటు ఉంది. వద్దంటున్నారు గానీ ఎందుకో చెప్పలేదు.

ఫౌజా సింగ్ 89 ఏళ్ల వయసులో లండన్‌లో మొదటి మారథాన్ చేశారు. 2011లో టొరంటోలో నూరేళ్ల వయసులో పూర్తి చేశారు. 61 ఏ మూలకు?

గుణదల_వాసి
ఫౌజా సింగ్ ఎలా పోయారో కూడా రాయండి. 2025 జూలైలో, పంజాబ్‌లో సొంత ఊరి దగ్గర రోడ్డు మీద కారు గుద్ది. నూట పద్నాలుగేళ్ల మనిషి. గుండె ఆగలేదు, కాళ్లు తప్పలేదు, రోడ్డే తీసుకుపోయింది. మీరు ఆయన పేరు చెబితే నాకు గుర్తొచ్చేది అదే.

బందరు_కాలువ
నా తేమ లెక్కకు ఎవరూ జవాబు చెప్పలేదు. 85 ఎక్కువా, 54 ఎక్కువా?

రింగురోడ్డు
అన్నా, ఆ శాతం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. 28 డిగ్రీల దగ్గర 85 శాతం అన్నా, 36 డిగ్రీల దగ్గర 54 శాతం అన్నా గాలిలో ఉన్న ఆవిరి దాదాపు ఒక్కటే. చెమట ఆరడానికి లెక్కలోకి వచ్చేది ఆ ఆవిరే. పైగా పొద్దున గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఒంటి వేడి నేరుగా కూడా పోతుంది. సాయంత్రమైతే రోడ్డు, గోడలు పగలంతా తాగిన వేడి కక్కుతుంటాయి. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద ఏడింటికి నిలబడి చూడు.

బందరు_కాలువ
నేను పదేళ్లుగా సాయంత్రమే నడుస్తున్నా. నాకు ఏమీ కాలేదు. ఆవిరి గీవిరి కాదు, ఫోన్‌లో కనబడే అంకె గురించి అడుగుతున్నా.

డాలస్_తెలుగు
ఇక్కడ ఆగస్టులో పొద్దున ఆరింటికే ఉడుకెత్తుతుంది. మా నాన్నగారు మాల్‌లో నడుస్తారు. ఆయనకు 70, హాయిగా ఉన్నారు.

విశాఖ_అక్క
సాయంత్రం, పొద్దున అని ఎంచుకునే వీలు అందరికీ ఉండదు. నాలుగున్నరకు ఒంటరిగా బయటికి వెళ్లే అవకాశం మీ మగవాళ్లకుంది. నేను ఐదున్నర దాకా ఆగాలి, బీచ్ రోడ్డు మీద మనుషులు కనబడాలి. ఆ గంటలో ఎండ ఎంత ఎక్కుతుందో నాకు తెలుసు. అందుకే దూరం తగ్గించుకున్నాను. ఫుల్ చేయాలని నాకూ ఉండేది.

కృష్ణాతీరం
అక్కా, ఆ మాట నాకు తట్టలేదు.

గుణదల_వాసి గారూ, మీరు ప్రతి మాటకూ చావు దగ్గరికే వెళుతున్నారు. మీరు ఎప్పుడైనా ఐదు కిలోమీటర్లు పరుగెత్తారా? పరుగెత్తనివాళ్లు చెప్పే సలహా ఎప్పుడూ ఒకటే, మానేయమని. రిటైరైన రోజు నుంచీ చూస్తున్నా. ఏం తినాలో ఒకరు, ఎప్పుడు పడుకోవాలో ఒకరు, బండి నడపొద్దని ఇంకొకరు. నాది అనుకుని నేను చేసుకునే పని పొద్దున ఈ రెండు గంటలే. అది కూడా లాక్కుంటారా?

గుణదల_వాసి
పరుగెత్తలేదు. నడుం నొప్పి, పరుగెత్తలేను. అయినా చెప్పే హక్కు నాకుంది, ఎందుకో వినండి.

మా అక్క భర్త, మా బావగారు, మీలాంటి మనిషే. 63. రోజూ పొద్దున్నే ఏలూరు కాలువ గట్టు మీద పరుగు. రెండేళ్ల కిందట ఇదే జూన్‌లో, రాత్రి వాన పడి తెల్లారేసరికి ఉక్కగా ఉన్న రోజు, పడిపోయారు. ఫోన్ బరువని ఇంట్లో వదిలి వెళ్లేవారు. జేబులో ఇంటి తాళం, పది రూపాయల నోటు. అంతే. చూసినవాళ్లు తాగి పడిపోయాడనుకున్నారు, ఎందుకంటే పడేముందు తూలుతూ ఏదో మాట్లాడారట. ఆస్పత్రికి చేర్చేసరికి గంట దాటింది. ఎవరో ఏమిటో తెలియక పేరు లేకుండా చేర్చుకున్నారు. మా అక్క ఎనిమిదింటి దాకా టిఫిన్ పెట్టుకుని కూర్చుంది. ఎవరితోనో మాట్లాడుతూ ఆగి ఉంటారనుకుంది. తొమ్మిదిన్నరకు నాకు ఫోన్ చేసింది. నేను మూడు ఆస్పత్రులు తిరిగాను.

అందుకే చెబుతున్నా ట్రెడ్‌మిల్ అని. జిమ్‌లో పడిపోతే కనీసం పక్కన మనిషి ఉంటాడు.

ఫిజియో_ఖమ్మం
క్షమించండి, చాలా బాధాకరం. ఇక్కడ చదివేవాళ్ల కోసం ఒక్క మాట. పరుగెత్తే మనిషి తూలుతున్నా, తలాతోకా లేకుండా మాట్లాడుతున్నా, అది వడదెబ్బ కావచ్చు. చెమట పడుతున్నా సరే కావచ్చు. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు దొరికిన నీళ్లన్నీ ఒంటి మీద పోయాలి, గాలి విసరాలి. చల్లబరచడం మొదటి పని. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు.

కృష్ణాతీరం
మీ బావగారి సంగతి విన్నాక ఏమనాలో తెలియడం లేదు. నేను అలా మాట్లాడి ఉండాల్సింది కాదు.

కానీ ఒక్కటి. ఆయన దగ్గర ఫోన్ లేకపోవడం, ఎవరూ గుర్తుపట్టకపోవడం వేరు. బయట పరుగెత్తడం వేరు. రెండూ కలిపి నన్ను ఇంట్లో కూర్చోబెట్టొద్దు.

గుణదల_వాసి
సరే, వేరే అనుకుందాం. మీరు నాలుగింటికి వెళ్లేటప్పుడు ఏ దారిన వెళుతున్నారో, ఎన్నింటికి వస్తారో మీ ఇంట్లో తెలుసా? అవునా, కాదా?

కృష్ణాతీరం
నిద్ర లేపడం ఎందుకని చెప్పను. తలుపు దగ్గరకు వేసి వెళతాను.

చెబితే గొడవ. నాకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటాను. దాంతో రెండు మూడుసార్లు మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. అందుకని లాంగ్ రన్ రోజున మాత్ర వేసుకోకుండా వెళుతున్నాను. ఇది తెలిస్తే మా ఆవిడ గడప దాటనివ్వదు.

విశాఖ_అక్క
అన్నయ్యా! ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది కదా. ఇంతసేపూ మేం బూట్ల గురించీ తేమ గురించీ మాట్లాడుకుంటున్నాం.

ఫిజియో_ఖమ్మం
అవును, ఇదే అసలు విషయం. నీరు తీసేసే మాత్ర వేసుకుని రెండు లీటర్ల చెమట పోగొట్టుకోవడం ఒక ప్రమాదం. మీ అంతట మీరే మానేసి రెండు మూడు గంటలు పరుగెత్తడం ఇంకో ప్రమాదం. వయసు పెరిగేకొద్దీ దాహం కూడా సరిగా తెలియదు. అలాగని భయపడి వట్టి నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర మార్చాలా, వేసుకునే టైమ్ మార్చాలా అన్నది డాక్టరే చెప్పాలి. బీపీ మాత్రల్లో గుండె వేగాన్ని తగ్గించేవీ ఉంటాయి. అలాంటిదైతే వాచీలో కనబడే అంకెను నమ్మి పరుగెత్తడానికి లేదు. చీటీ తీసుకుని వెళ్లి, "నేను మారథాన్‌కు సాధన చేస్తున్నాను, ఇంత దూరం, ఇంత సేపు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కృష్ణాతీరం
డాక్టరు మానేయమంటే?

గుణదల_వాసి
ఇన్నాళ్లూ అడగంది అందుకేనన్నమాట. మా బావగారు కూడా అడగలేదు.

రింగురోడ్డు
బాబాయ్, ఎడ్ విట్లాక్ గురించి చదివారా? కెనడాలో మిల్టన్ అనే ఊరు. ఇంటి దగ్గరున్న శ్మశానంలో దారుల వెంట గంటల తరబడి గుండ్రంగా పరుగెత్తేవారు. చిన్న చుట్టు, ట్రాఫిక్ లేదు, ఇల్లు పక్కనే. 2004లో 73 ఏళ్ల వయసులో 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో మారథాన్ పూర్తి చేశారు. అంటే కరకట్ట మీద ఎనిమిది కిలోమీటర్లు వెళ్లిపోతేనే సాధన అని ఏమీ లేదు. మీ కాలనీలో పార్కు లేదా?

కృష్ణాతీరం
ఉంది. చుట్టు 400 మీటర్ల దాకా ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, కొళాయి ఉంది. మా మేడ మీద నుంచి కనబడుతుంది కూడా. తిరగడం విసుగని ఎప్పుడూ వెళ్లలేదు.

బందరు_కాలువ
పార్కులో చెట్లుంటాయి. చెట్ల కింద తేమ ఇంకా ఎక్కువ.

విశాఖ_అక్క
హైదరాబాద్ రేస్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. పార్కులో ఎత్తుపల్లాలు ఉండవు, అది గుర్తుంచుకోండి. వారానికి ఒకరోజు వెలుతురు వచ్చాక, ఇంకొకరిని వెంటబెట్టుకుని ఫ్లైఓవర్ మీద చేయండి. మిగతాది పార్కు. మీ ఆవిడను కూడా నడకకు తీసుకెళ్లండి, మీరు ఎన్ని చుట్లు తిరిగారో ఆవిడే లెక్కపెడుతుంది.

కృష్ణాతీరం
శనివారం రాత్రి రాస్తున్నాను. పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాను. మా ఆవిడ కూడా వచ్చింది, అంటే అన్నీ చెప్పాల్సి వచ్చింది. ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. డాక్టరు మానేయమనలేదు. మాత్ర మార్చారు, సోడియం, పొటాషియం పరీక్ష రాశారు, ట్రెడ్‌మిల్ మీద ఈసీజీ తీయించమన్నారు. ఆ రిపోర్టులు వచ్చేదాకా 8 కిలోమీటర్లకు మించొద్దన్నారు. హైదరాబాద్ సంగతి ఆ తర్వాతే అన్నారు.

రోజూ పరుగెత్తడం మాత్రం మానను, ఫిజియో గారూ. వారానికి ఒకరోజు నడుస్తాను, అంతవరకే.

రేపు పార్కులో 20 చుట్లు. పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు చీటీ మీద రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి నిక్కరు జేబుకు పిన్నీసు పెట్టాను. ఇప్పుడైతే వాన మొదలైంది.

గుణదల_వాసి
ఎన్నింటికి వెళుతున్నారు?

కృష్ణాతీరం
ఐదింటికి. ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటాను.

గుణదల_వాసి
వచ్చాక ఇక్కడ ఒక ముక్క రాయండి. చూస్తుంటాను.