డాలస్ కౌబాయ్స్ (అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) ఆటగాడు జార్జ్ పికెన్స్‌కి ఇప్పుడే ఎక్స్‌టెన్షన్ (కాంట్రాక్ట్ పొడిగింపు) ఇవ్వాలా, సీజన్ అయ్యేదాకా ఆగాలా?

ఫ్రిస్కో నాన్న:

ఆదివారం, 2025 సెప్టెంబర్ 28న, ఆర్లింగ్టన్‌లో మన కౌబాయ్స్‌కి గ్రీన్ బే ప్యాకర్స్‌తో జరిగిన మ్యాచ్‌కి మా తొమ్మిదేళ్ళ బాబుని తీసుకెళ్ళాను. వాడు 11 నంబర్ జెర్సీ వేసుకొచ్చాడు. మైకా పార్సన్స్ ఇక్కడ ఆడినప్పటి నంబర్ అది. ఇప్పుడు అతను అవతలి జట్టులో ఉన్నాడు కదరా అంటే, "అయినా నాకు ఇష్టమే" అన్నాడు. మ్యాచ్ 40-40తో టై అయింది. ఓవర్‌టైమ్‌లో మైకా మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ప్రధాన ఆటగాడు) డాక్ ప్రెస్కాట్‌నే పట్టి పడేస్తుంటే మావాడు నా వైపు చూశాడు. చప్పట్లు కొట్టాలో వద్దో వాడికి తెలియలేదు. నాకూ తెలియలేదు.

నేను 2009లో రిచర్డ్‌సన్‌కి ఎం.ఎస్. చదవడానికి వచ్చాను. అప్పటి నుంచీ కౌబాయ్సే నా జట్టు. మైకా మొదటి నాలుగు సీజన్లలోనూ ఏటా కనీసం 12 సాక్స్ (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పట్టి పడేయడం) చేశాడు. అలాంటివాడిని, రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్ (కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అవకాశాలు), డిఫెన్స్ ఆటగాడు కెన్నీ క్లార్క్‌నీ తీసుకుని గ్రీన్ బేకి ఇచ్చేశారంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోవడం లేదు.

అదే మ్యాచ్‌లో మన ప్రధాన రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) సీడీ ల్యాంబ్ గాయంతో బయట ఉన్నాడు. పికెన్స్ ఒక్కడే రెండు టచ్‌డౌన్లు చేశాడు. అతని కాంట్రాక్ట్ ఈ 2025 సీజన్‌తో అయిపోతుంది. డాక్‌కి ఏడాదికి 60 మిలియన్ డాలర్లు, ల్యాంబ్‌కి 34. 2025లో క్యాప్ (ఒక జట్టు ఆ ఏడాది జీతాలకి పెట్టగల గరిష్ఠ మొత్తం) 279.2 మిలియన్లు. ఇద్దరికే 94 పోతే మూడోవాడికి ఎక్కడి నుంచి తెస్తారు? అసలు ఎవరికి ఇవ్వాలి, ఎవరిని వదులుకోవాలి అన్నది మీరైతే ఎలా తేలుస్తారు?

ప్లేనో అకౌంటెంట్:

అన్నా, ముందు ఆ 94 లెక్క పక్కన పెట్టండి. పేపర్లో వచ్చే సగటు వేరు, ఆ ఏడాది క్యాప్‌లో పడే మొత్తం వేరు. సంతకం చేసినప్పుడు ఇచ్చే బోనస్‌ని ఐదేళ్ళ దాకా సమానంగా పంచి రాసుకోవచ్చు. 50 మిలియన్లు చేతికిస్తే ఏడాదికి 10 చొప్పునే క్యాప్‌లో కనిపిస్తుంది. కాబట్టి పికెన్స్‌కి ఇవ్వడానికి చోటు దొరుకుతుంది, అది అంత కష్టం కాదు. ఇబ్బంది తర్వాత వస్తుంది. రెండేళ్ళకే ఆటగాడిని తీసేస్తే మిగిలిన 30 మిలియన్లు జట్టు నెత్తినే పడతాయి. దాన్నే డెడ్ మనీ అంటారు. ఆటగాడు ఉండడు, అతని జీతం మాత్రం క్యాప్‌లో కూర్చుంటుంది.

నేను ఈ విషయంలో ఎప్పుడూ మన పాత రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఎజికియెల్ ఎలియట్‌ని తలచుకుంటాను. 2016లో, 2018లో లీగ్ మొత్తంలో ఎక్కువ రషింగ్ (పరిగెత్తి సాధించిన) యార్డులు అతనివే. 2019 సెప్టెంబర్‌లో ఆరేళ్ళకి 90 మిలియన్ల ఎక్స్‌టెన్షన్ ఇచ్చారు. అప్పుడతనికి 24 ఏళ్ళే. 2023 మార్చిలో తీసేశారు. వయసు చూసి మోసపోయారు. అప్పటికే మూడు సీజన్లలో 868 సార్లు బంతి పట్టుకుని మనుషుల మీదికి పరిగెత్తిన ఒళ్ళు అది. అదే స్థానంలో ఆడిన డిమార్కో ముర్రే విషయంలో మాత్రం మనవాళ్ళు సరిగ్గా ఆలోచించారు. 2014లో 1,845 యార్డులు పరిగెత్తినవాడిని వదిలేస్తే ఊరంతా తిట్టింది. ఫిలడెల్ఫియా వెళ్ళిన మొదటి ఏడాది 702 యార్డులు చేశాడు.

అందుకే నేను చూసేది ఒకటే. మనం డబ్బిచ్చేది చేసిన ఆటకా, చేయబోయే ఆటకా? పికెన్స్‌కి కూడా ఈ 2025 సీజన్‌లో 24 ఏళ్ళే, కానీ అతను రిసీవర్. ఆ వయసు రిసీవర్‌కి మంచి రోజులు ఇంకా ముందున్నాయి. నేనైతే ఇస్తాను, కానీ గ్యారంటీ డబ్బు (ఆటగాడిని తీసేసినా ఇవ్వాల్సింది) మొదటి రెండేళ్ళలోనే అయిపోయేలా రాయిస్తాను.

మైకా సంగతి కూడా చెప్పనివ్వండి. ఫస్ట్ రౌండ్ కుర్రాళ్ళు నాలుగేళ్ళు తక్కువ జీతానికి ఆడతారు, ఐదో ఏడాది కావాలంటే జట్టు చేతిలో ఉంటుంది. ఆ రెండు పిక్స్‌ని చులకనగా చూడకండి.

ఫిలడెల్ఫియా ఈగల్స్ అభిమాని:

అవతలి జట్టువాడినే అయినా నిజం మాట్లాడతాను. మీ జట్టు ఎంచుకునే మనుషులు మంచివాళ్ళే, కానీ సంతకం దగ్గర బాగా ఆలస్యం చేస్తుంది. 2024 వేసవి ముందే మావాళ్ళు మా రిసీవర్లు డెవాంటా స్మిత్ చేత, ఏ.జె. బ్రౌన్ చేత సంతకాలు చేయించేశారు. జూన్‌లో మిన్నెసోటా జట్టు తన రిసీవర్ జస్టిన్ జెఫర్సన్‌కి ఏడాదికి 35 మిలియన్లు ఇచ్చింది. ల్యాంబ్‌కి మీరు ఆగస్టు ఆఖర్లో 34 ఇచ్చారు. డాక్‌కయితే సీజన్ మొదటి మ్యాచ్ రోజు ఇచ్చారు.

మైకా విషయంలో ఇంకా బాధ. 2024లోనే కూర్చోబెట్టి మాట్లాడితే, అప్పటికి అతని స్థానంలో (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే డిఫెన్స్ ఆటగాళ్ళలో) పై రేటు నిక్ బోసాది, 34. ఆ తర్వాత 2025 మార్చిలో మ్యాక్స్ క్రాస్బీ 35.5కి, మైల్స్ గ్యారెట్ 40కి వెళ్ళారు. జులైలో టి.జె. వాట్ 41 దగ్గర ఆగాడు. ఆగస్టు 28న గ్రీన్ బే మైకాకి 47 ఇచ్చింది. ఏడాదిన్నరలో ధర ఎక్కడికి పోయిందో చూడండి. పికెన్స్‌కి ఇవ్వాలనుకుంటే వచ్చే వేసవిదాకా ఆగొద్దు.

హైదరాబాద్ నుంచి, పొద్దున లేచి చూసేవాణ్ణి:

ఐపీఎల్ చూసే మాకు ఈ డెడ్ మనీ కొత్త. 2025 వేలానికి ముందు సన్‌రైజర్స్ క్లాసెన్‌కి 23 కోట్లు, కమిన్స్‌కి 18, అభిషేక్, హెడ్‌లకి చెరో 14, మన నితీశ్‌కి 6 ఇచ్చి అట్టిపెట్టుకుంది. 120 కోట్లలో 75 ఐదుగురికే. కానీ అక్కడ ఒకణ్ణి వదిలేస్తే ఆ డబ్బు మళ్ళీ పర్సులోకి వస్తుంది. ఇక్కడ రాదు కాబట్టే ఇంత టెన్షన్ అని ఇప్పుడర్థమైంది. ప్లేనో అన్నా, ఒక అనుమానం: ఫ్రాంచైజ్ ట్యాగ్ (కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాడిని ఒక్క ఏడాది జీతంతో అట్టిపెట్టుకునే హక్కు) వేసి ఇంకో ఏడాది చూడొచ్చు కదా?

ప్లేనో అకౌంటెంట్:

చూడొచ్చు తమ్ముడూ. కానీ ట్యాగ్ జీతం మొత్తం ఆ ఒక్క ఏడాది క్యాప్‌లోనే పడుతుంది, ఐదేళ్ళకి పంచుకోలేం. ఆటగాడి మనసూ విరుగుతుంది. డాక్‌కి 2020లో ట్యాగ్ వేశారు. ఆ అక్టోబర్‌లో చీలమండ విరిగింది. అయినా 2021 మార్చిలో నాలుగేళ్ళకి 160 మిలియన్లు ఇవ్వాల్సొచ్చింది. ఆగినందువల్ల ఏమీ మిగల్లేదు.

ఫ్రిస్కో నాన్న:

అందరికీ థాంక్స్. ముర్రేని వదిలేసిన ఏడాది నేనూ తిట్టినవాళ్ళలో ఒకణ్ణి, ఆ విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. మైకా విషయంలో మాత్రం ఒప్పుకోను. రెండు పిక్స్‌లో అలాంటివాడు ఒక్కడు దొరికితే అదే గొప్ప. ఈగల్స్ అన్న చెప్పిన ధరల వరుస చూశాక కోపం ఇంకా పెరిగింది. అతను దూరం కావడానికి అతని ఆటలో లోపమేమీ లేదు, మనం ఆలస్యం చేశాం అంతే. పికెన్స్‌కి ఈ సీజన్ మధ్యలోనే ఇవ్వాలన్నది నా నిర్ణయం, గ్యారంటీ ప్లేనో తమ్ముడు చెప్పినట్టే.

మావాడు నిన్నటి నుంచి పికెన్స్ వేసుకునే 3 నంబర్ జెర్సీ అడుగుతున్నాడు. సంతకం అయ్యేదాకా ఆగు నాన్నా అని చెప్పాను.