రాఫ్టింగ్ గైడ్ పని, రాక్ క్లైంబింగ్ రెండూ సాగించడం ఎలా? ముందు ఏ కోర్సు చేయాలి?

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు):

అందరికీ నమస్కారం. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాన్న నాపరాళ్ల గనిలో పని చేస్తాడు. డిగ్రీ అయ్యాక నేను రిషికేశ్‌లో ఒక రాఫ్టింగ్ క్యాంపులో హెల్పర్‌గా చేరాను. రాఫ్టులకు గాలి కొట్టడం, లైఫ్ జాకెట్లు ఆరేయడం, జీపు మీదికి రాఫ్ట్ ఎక్కించి కట్టడం, మొదట్లో ఇదే పని. తర్వాత సీనియర్లు పక్కన కూర్చోబెట్టుకుని నడపడం నేర్పించారు. వచ్చే మార్చి నుంచి ట్రైనీ గైడ్‌గా రమ్మంటున్నారు.

ఆ పనంటే నాకు ప్రాణం. అయితే దానికంటే ముందు నుంచీ ఉన్న ఇష్టం రాళ్లెక్కడం. చిన్నప్పుడు ఎర్రమల కొండల్లో మేకల వెంట తిరిగినవాణ్ణి. తర్వాత హంపి వెళ్లినప్పుడు కొందరు బౌల్డరింగ్ (తాడు లేకుండా చిన్న బండలెక్కడం) చేస్తుంటే చూసి, వాళ్ల షూస్ అడిగి తొడుక్కుని ఎక్కాను. అప్పటి నుంచి వదల్లేదు.

ఇబ్బంది ఏమంటే, సీజనంతా నీళ్లలో ఉండేసరికి అరచేతులు మెత్తబడిపోతున్నాయి. ఇంటికొచ్చి రాయి పట్టుకుంటే తోలు లేచిపోతోంది. కుడి భుజం కూడా పట్టేసినట్టు ఉంటోంది. రెండోది డబ్బు. దాచుకున్నదాంతో ఈ ఏడు ఒక్క కోర్సే చేయగలను. నదిలో రెస్క్యూ కోర్సు చేయనా, ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లో బేసిక్ మౌంటెనీరింగ్ చేయనా? అమ్మకైతే రెండూ ఇష్టం లేదు. ఎండిపోయిన పెన్నా పక్కన పుట్టినోడివి, నీకు ఆ గంగతో ఏం పనిరా అంటుంది. రెండు పనులూ చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గుత్తికోట (అనంతపురం):

తమ్ముడూ, మాది గుత్తి. మార్చి నుంచి జూన్ దాకా గంగ మీద, అక్కడ వానలకు రాఫ్టింగ్ ఆపేశాక జులై, ఆగస్టుల్లో లద్దాఖ్‌లో జన్‌స్కార్ నది మీద గైడ్‌గా చేస్తాను. చలికాలమంతా ఇంటి దగ్గరే, రాళ్ల మీద. మనవైపు పుట్టినవాళ్లకు ఈ రెండూ అమరినట్టు ఇంకెవరికీ అమరవు. ఏప్రిల్, మే నెలల్లో మన రాయి మీద చెయ్యి పెట్టలేం, అప్పుడు అక్కడ నది పిలుస్తుంది. డిసెంబరు వచ్చేసరికి రాయి చల్లబడి పట్టు బాగా దొరుకుతుంది.

కోర్సు సంగతి ముందు చెప్తాను. రెస్క్యూ కోర్సే చెయ్యి. ఇందులో నాకు రెండో మాట లేదు. మార్చి నుంచి నీ రాఫ్టులో కూర్చునేవాళ్లలో చాలామందికి ఈత రాదు. నీ మాట నమ్మి ఎక్కుతారు. బేసిక్ కోర్సు 28 రోజులు, వచ్చే ఏడు చేసినా అది అక్కడే ఉంటుంది. పైగా దాంట్లో ‘ఎ’ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు తీసుకుంటారు, కాబట్టి ఒళ్లు బాగా సిద్ధం చేసుకుని వెళ్లడమే మంచిది.

మనం బావుల్లో, కేసీ కెనాల్‌లో ఈత నేర్చుకున్నవాళ్లం. పారే నది లెక్క వేరు. పడిపోయినప్పుడు మోకాళ్ల లోతే కదా అని నిలబడబోతే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, వెనక నుంచి నీళ్లు మనిషిని ముందుకు వంచి ముంచేస్తాయి. వెల్లకిలా తేలుతూ, కాళ్లు నీళ్లు పోయేవైపుకు పెట్టి, కాలివేళ్లు నీళ్ల పైన కనపడేలా ఉంచుకోవాలి. ఇది నీకు తెలిసే ఉంటుంది. తెలియడం వేరు, భయంతో అరుస్తున్న మనిషి చేత అది చేయించడం వేరు. కోర్సులో నేర్పేది ఆ రెండోదే. బండరాయి మీంచి దూకిన నీళ్లు కింద సుడి తిరిగి వెనక్కి లాగే చోటు, నది పక్కన ఎదురు ప్రవాహం తిరిగే మడుగు, ఇవన్నీ కళ్లతో చదవడం రావాలి. గంగ మట్టం పైన టెహ్రీ డ్యామ్‌లో నీళ్లు వదిలేదాన్ని బట్టి మారుతుంది. జన్‌స్కార్‌ది మంచు కరిగిన నీరు, ఎండెక్కేకొద్దీ పెరుగుతుంది. పొద్దున చూసిన రాపిడ్ (నీళ్లు ఉధృతంగా ఉరికే చోటు) మధ్యాహ్నానికి ఇంకో రాపిడ్.

ఇంకో లాభం కూడా ఉంది. రాఫ్ట్ బండకు అతుక్కుపోతే తాడు, పుల్లీలు, ప్రూసిక్ ముడులతో (బరువు పడితే తాడును బిగించి పట్టేవి) జెడ్ ఆకారంలో కట్టి లాగుతారు. లెక్క ప్రకారం మనం పెట్టే బలానికి మూడింతలు వస్తుంది, రాపిడికి కొంత పోతుందనుకో. ఆ ముడులు, తాడును రాయికో చెట్టుకో కట్టే యాంకర్లు రేపు కొండ మీద అలాగే అక్కరకొస్తాయి. కాని సామాను మాత్రం కలపొద్దు. నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే సంచిలోని తాడు నీళ్ల మీద తేలడానికి చేసింది, పడే మనిషిని ఆపడానికి కాదు. క్లైంబింగ్ తాడు నైలాన్‌ది, సాగి దెబ్బను తీసుకుంటుంది, తడిస్తే బలం తగ్గుతుంది. నది ఇసుక పట్టిన కారబైనర్లు (తాడు తగిలించే లోహపు కొక్కేలు) నదికే ఉంచు. నేను వేరే రంగు టేపు చుట్టి పెట్టుకుంటాను.

చేతులకు మందు ఓపికే. సీజన్ అయ్యాక మొదటి కొన్ని వారాలు పెద్ద పట్లు ఉన్న సులువైన రాళ్లే ఎక్కు, వేలికొసలే ఆనే అంచు పట్లు వద్దు. కండ త్వరగా తిరిగొస్తుంది, వేళ్ల స్నాయువులు, కీళ్ల కట్లు అంత త్వరగా రావు, అక్కడే దెబ్బ తగిలేది. కాయలు కట్టిన చోట అంచులు ఆకురాయితో సాపు చేసుకో. భుజానికి వస్తే, తెడ్డు వేసేటప్పుడు చేతులు ఎప్పుడూ ఛాతీ ముందరే ఉండాలి. చెయ్యి తల పైకి లేచి ఉన్నప్పుడు తెడ్డును నీళ్లు లాగితే కీలు జారుతుంది. తెడ్డూ లాగేదే, రాయీ లాగేదే, అందుకని దండీలు, రబ్బరు బ్యాండ్ వ్యాయామాలు రోజూ చెయ్యి. నొప్పి తగ్గకపోతే ఫిజియోకు చూపించు, సీజన్‌లోకి అలాగే పోవద్దు.

ఒక్క మాట. మీ నాన్న గనిలో పని చేస్తాడన్నావు. ఏ రాయి గట్టిది, ఏది లోపల పొరలు విడిపోయి ఉంది, సుత్తితో తడితే శబ్దాన్ని బట్టి ఆయన చెప్పగలడు. క్లైంబర్లు కూడా పట్టు మీద బరువు వేసేముందు పిడికిలితో తట్టి అదే వింటారు. ఈసారి గని దగ్గరికి వెళ్లి ఆయన చేత చెప్పించుకో. నాకు ఆ విద్య చెప్పేవాళ్లు లేరు, గుత్తి గ్రానైట్ మీద పెరిగాను. మీవైపు నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది, గండికోట క్వార్ట్‌జైట్ గట్టిగా, పలకలు పలకలుగా ఉంటుంది. రెంటినీ ఒకలాగే నమ్మకూడదు.

ఓర్వకల్లు రాళ్లు (కర్నూలు):

గుత్తి అన్న చెప్పింది సరైనదే. నేను ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాలు ఎక్కేదాన్ని. చోట్ల గురించి చెప్తాను. గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట. గోడల మీద, వాటి కింది అంచుల మీద ఎక్కొద్దు, ఎక్కడా బోల్టులు కొట్టొద్దు. మనం ఒక్క మేకు దిగ్గొడితే రేపు అందరికీ దారి మూస్తారు, అది న్యాయం కూడా. తాడుతో నేర్చుకోవాలంటే బాదామి వెళ్లు, అక్కడి ఇసుకరాయి మీద బోల్టులు కొట్టిన రూట్లు ఉన్నాయి. బౌల్డరింగ్‌కు గుంతకల్లులో హోస్పేట రైలెక్కితే చాలు, తుంగభద్ర అవతల ఆనెగొంది, సణాపురం వైపు రాళ్లే రాళ్లు. నీ చేతులు మెత్తగా ఉన్నప్పుడు మాత్రం హంపికి పోకు, ఆ గ్రానైట్ గరుకు ఉన్న తోలు కూడా తీసేస్తుంది. ఒంటరిగా ఎక్కొద్దు.

చెయ్యేటి వాసి (రాజంపేట):

బాబూ, నేను క్లైంబింగ్ తెలిసినవాణ్ణి కాదు. మీ అమ్మ మాట చదివి రాస్తున్నా. 2021 నవంబరులో అన్నమయ్య డ్యామ్ కట్ట తెగినప్పుడు చెయ్యేరు మా ఊళ్ల మీద పడింది. ఏళ్ల తరబడి ఇసుకగా చూసిన ఏరు అది. పారే నీళ్లలోకి తాడు ఎలా విసరాలో, మనిషిని ఎలా లాగాలో తెలిసినవాళ్లు ప్రతి మండలంలో నలుగురుంటే ఎంత బాగుండునో మాకు తెలుసు. మీ అమ్మతో ఈ మాట చెప్పు. నేర్చుకుని వచ్చాక మా పిల్లలకు నేర్పడానికి ఒక్కరోజు రా.

పెన్నా ఒడ్డు (జమ్మలమడుగు):

అందరికీ చాలా థాంక్స్. రెస్క్యూ కోర్సుకే డబ్బు కడతాను. పెద్దాయన రాసింది అమ్మకు చదివి వినిపించాను. సరే అనలేదు, కానీ కోర్సు ఎన్ని రోజులని అడిగింది. నాన్న ఆదివారం గనికి రమ్మన్నాడు. రాజంపేటకు తప్పకుండా వస్తానయ్యా, చలికాలంలో తేదీ మీరే చెప్పండి.

అన్నా, ఇంకొకటి. నా దగ్గర రాఫ్టింగ్ హెల్మెట్ ఉంది. క్లైంబింగ్‌కు అదే వాడొచ్చా?

గుత్తికోట (అనంతపురం):

వద్దు తమ్ముడూ. నది హెల్మెట్‌కు ఇఎన్ 1385, కొండ హెల్మెట్‌కు ఇఎన్ 12492, ఈ యూరప్ ప్రమాణాలే వేరు. రెండోది పైనుంచి పడే రాయి దెబ్బను ఆపేలా పరీక్షించింది. నీ దాని లోపల స్టిక్కర్ మీద నంబరు చూడు. ఖర్చవుతుంది గానీ ఇందులో మిగుల్చుకోకు. కోర్సుకు వెళ్లే ముందు నాకు మెసేజ్ పెట్టు, అక్కడికి ఏమేం తీసుకెళ్లాలో రాస్తాను.