అల్ రాజీలోని ‘రాజీ’, మన ‘రాజీ’ ఒకటేనా?

మా అమ్మాయి ఏదో చదువుతుంటే పదో శతాబ్దపు పర్షియన్ వైద్యుడు, రసవాది అబూ బకర్ ముహమ్మద్ ఇబ్న్ జకరియా అల్ రాజీ పేరు తగిలింది. “నాన్నా, ఈయన అందరితో రాజీ పడిపోయేవాడా?” అంది. నవ్వాను గానీ జవాబు తట్టలేదు. ఈ పేరుకీ మన రాజీకీ చుట్టరికం ఏమైనా ఉందాండీ?

— లేదండీ. ఆయనది ఊరిపేరు. రయ్ అనే ఊరివాడు కాబట్టి రాజీ. ఆ ఊరు ఇప్పుడు టెహ్రాన్‌లో కలిసిపోయింది. రయ్‌లో లేని జకారం ఎక్కడిదంటారేమో, మర్వ్ ఊరివాణ్ణి కూడా మర్వజీ అనే అంటారు. కొండవీడు ఇంటిపేరులో కొండవీటి అవడం లేదూ! మన రాజీ మాత్రం సమ్మతి అనే అర్థమున్న అరబ్బీ మాట. రజామందీ దాని చుట్టమే. ఉర్దూలో రాస్తే తేడా కనబడుతుంది: ఊరి రాజీకి ‘జే’ అనే అక్షరం, సమ్మతి రాజీకి ‘జ్వాద్’ అనే అక్షరం. తెలుగులో రెంటికీ ఒకటే జ.

— దంత్య జకారం (నాలుక పళ్ళకి తగిలేలా పలికే జ) పెడితే ఆ ‘జే’కి కాస్త దగ్గరవుతుందేమో?

— జల్లెడ, జోరు లాంటి మాటల్లో సరే. ఇ, ఈ, ఎ, ఏల ముందు మన నోట తాలవ్య జకారమే (జీతంలో లాంటి జ) వస్తుంది. ‘జీ’ దగ్గర ఆ పప్పులుడకవు.

— రాజీనామా సంగతి ఇంకా తమాషా. ఉర్దూలో అది రాజీపడి రాసుకున్న పత్రం. మనకేమో ఉద్యోగం వదులుకోవడం! వాళ్ళు దానికి ఇస్తీఫా అంటారు.

— పేరు అలా ఉంచండి, మనిషి మాత్రం రాజీపడే రకం కాదు. వైద్యంలో ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ మాటే వేదంగా చెల్లుతున్న రోజుల్లో, ‘గాలెన్ మీద సందేహాలు’ అని ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. మశూచి, తట్టు వేరువేరు జబ్బులని లక్షణాలతో విడదీసి చెప్పిన పుస్తకం కూడా ఆయనదే. రయ్‌లోనూ బాగ్దాద్‌లోనూ ఆసుపత్రులు నడిపాడు. రసవాదంలోనూ మంత్రతంత్రాల జోలికి పోకుండా ఏ పదార్థం ఎలాంటిది, ఏ పాత్రలో ఎలా కాచాలి అని రాసుకుంటూ పోయాడు. ఆయన రాసుకున్న వైద్యపు నోట్సును పోయాక శిష్యులు కూర్చారు. అదే ‘అల్ హావీ’, అంటే అన్నిటినీ తనలో ఇముడ్చుకున్నది అని. లాటిన్‌లోనూ అదే అర్థం వచ్చేలా ‘కాంటినెన్స్’ అన్నారు. దాని అరబ్బీ మూలాన్ని 1955 నుంచి ఇరవైకి పైగా సంపుటాలుగా అచ్చు వేసింది ఎవరో తెలుసా? మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మారిఫ్ అనే ప్రచురణ సంస్థ!

— అందరికీ థాంక్సండీ. అమ్మాయికి చెప్పాను. “అయితే గాలెన్‌కి రాజీనామా ఇచ్చాడన్నమాట” అంది. తెలుగు అర్థంలోనేనట.