మిన్నెసోటా పాత జెండా మళ్లీ కావాలనే పిటిషన్ మీద సంతకం పెట్టాలా?

మంచునేల_ఎంఎన్:
అందరికీ నమస్తే. మేము మిన్నెసోటాలో ఉంటాం, సిటిజన్‌షిప్ వచ్చినప్పటినుంచి ఊరి విషయాలు కూడా పట్టించుకోవాలని గట్టిగా అనుకుంటున్నా. మొన్న మా వీధిలో ఒక పెద్దాయన పిటిషన్ పట్టుకుని ఇంటికొచ్చారు, సిటీ హాల్ ముందు పాత స్టేట్ జెండానే ఎగరేయాలని కౌన్సిల్‌ని అడుగుతున్నారట. చాలా మంచి మనిషి, అప్పటికప్పుడు కాదనలేక "చదివి చెప్తానండీ" అన్నాను. కొత్త జెండా 2024 మే 11 నుంచి, అంటే స్టేట్‌హుడ్ డే నుంచి అమల్లో ఉంది కదా. ముదురు నీలం, లేత నీలం, తెల్ల నక్షత్రం, నా కంటికైతే బానే ఉంది. కానీ ఆయన అడిగిన మాట మాత్రం వదలట్లేదు, "నూట ముప్పై ఏళ్ల జెండాని కమిటీలో పదమూడు మంది ఓటేసి తీసేస్తారా, మమ్మల్ని ఒక్కమాట అడగరా?" అని. అసలు పాతదాంట్లో తప్పేముంది, కొత్తదాంట్లో గుర్తులకి అర్థమేంటి, ఇలా మార్చడం న్యాయమేనా, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

నాగలిచాలు:
పాత జెండా ఫోటో ఒకటి తీసుకుని మధ్యలో ఉన్న ముద్రని బాగా జూమ్ చేసి చూడండి అండీ. కింద నుంచి చూస్తే ఏదో నీలం గుడ్డ మీద గుండ్రటి బొమ్మ అంతే, దగ్గరికెళ్తేనే కథ తెలుస్తుంది. ముందు ఒక వలస రైతు నాగలి దున్నుతుంటాడు, పక్కన నరికేసిన చెట్టు మొద్దు, దానికి ఆనించి తుపాకీ, వెనకాల ఒక నేటివ్ అమెరికన్ ఈటె పట్టుకుని గుర్రం మీద వెళ్లిపోతుంటాడు. దున్నేవాడిది భూమి, గుర్రం మీదవాడు ఖాళీ చేసి పోవాల్సిందే, అదీ బొమ్మ. ఇది ఎవరో ఇప్పుడు కూర్చుని ఊహించి చెప్పే అర్థం కాదు. 1862లో డకోటా అనే ఇక్కడి నేటివ్ తెగవాళ్లతో యుద్ధం అయ్యాక మాన్‌కేటో అనే ఊళ్లో డిసెంబర్ 26న ఒకేసారి 38 మంది డకోటా మగవాళ్లని ఉరితీశారు, అమెరికా చరిత్రలో ఒకేరోజు అంతమందిని ఉరితీయడం ఇంకెక్కడా లేదు. ఆ మరుసటి ఏడే డకోటా వాళ్లు స్టేట్‌లో ఉండకూడదని కాంగ్రెస్ చట్టం చేసింది. ఆ తర్వాత 1893లో వచ్చిన జెండా మీద అదే వెళ్లిపోయే మనిషిని పెట్టి స్కూళ్ల మీదా కోర్టుల మీదా ఎగరేస్తే, ఇక్కడే మిగిలి ఉన్న ఆ జాతి పిల్లలకి అదెలా ఉంటుందో ఆలోచించండి.

ఇంకోటి, ఇది బాలేదని 2023లో కమిటీ వేసినప్పుడు కొత్తగా కనిపెట్టలేదు. 1983లోనే ఆ గుర్రాన్ని పడమర వైపు కాకుండా దక్షిణం వైపు తిప్పారు. అంటే ఇబ్బంది ఉందని అప్పటికే తెలుసు, గుర్రాన్ని తిప్పి సరిపెట్టేశారు. మీ పెద్దాయన చెడ్డవాడని నేను అనట్లేదు, ఆయన బొమ్మని ఇంత దగ్గరగా చూసి ఉండరు, అంతే.

బ్యానర్_ప్రింటర్:
నేను జెండాలు, బ్యానర్లు ప్రింట్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా. నీలం బట్ట మీద ముద్ర పెట్టిన స్టేట్ జెండాలు ఇరవైకి పైనే ఉన్నాయి అమెరికాలో. గాలి లేనప్పుడు స్తంభానికి వేలాడుతుంటే అది కాన్సాసా విస్కాన్సినా నెబ్రాస్కానా అని మేం కూడా చెప్పలేం, అందుకే కొన్నిట్లో స్టేట్ పేరే రాసి పెట్టుకున్నారు. మామూలు నైలాన్ మీద రంగు బట్టలోంచి అవతలికి ఇంకుతుంది, అప్పుడు వెనకవైపు అక్షరాలన్నీ తిరగబడి కనిపిస్తాయి. రెండువైపులా సరిగ్గా చదవాలంటే రెండు గుడ్డలు ప్రింట్ చేసి మధ్యలో రంగు కనపడకుండా ఇంకో పొర వేసి కుట్టాలి, బరువు పెరుగుతుంది, చిన్న గాలికి లేవదు, అంచు దగ్గర తొందరగా చిరుగుతుంది. ఒరెగాన్ వాళ్లదైతే ముందు ముద్ర వెనక బీవర్, రెండు వైపులా రెండు బొమ్మలు. ముద్ర అనేది కాగితం మీద గుద్దడానికి పుట్టింది, దాన్ని ముప్పై అడుగుల ఎత్తున పెడితే ఎవరికి కనపడుతుంది చెప్పండి.

కొత్త మిన్నెసోటా జెండా కుట్టడం ఎంత హాయో. ఎడమ పక్క ముదురు నీలం ముక్క స్టేట్ మ్యాప్ ఆకారాన్ని తలపిస్తుంది, అందులో ఎనిమిది కోణాల తెల్ల నక్షత్రం, ఒక మొన నేరుగా పైకి ఉంటుంది, ఉత్తర నక్షత్రం అన్నమాట, స్టేట్ నినాదం కూడా అదే కదా. క్యాపిటల్ గుమ్మటం కింద నేల మీద ఇలాంటి ఎనిమిది కోణాల నక్షత్రమే ఉంటుంది. కుడి పక్క లేత నీలం అంతా నీళ్లు, పదివేల సరస్సుల రాష్ట్రం, పైగా మిసిసిపీ నది పుట్టేది అక్కడే. చిన్న పిల్లాడు కూడా క్రేయాన్‌తో గీసేయగలడు, నా దృష్టిలో జెండాకి పెద్ద పరీక్ష అదే.

తూర్పుతీరం_మేన్:
నేను కొంచెం వేరే మాట చెప్తా, కోపం తెచ్చుకోకండి. పాత బొమ్మ పోవాల్సిందే, ఒప్పుకుంటా. కానీ ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న చిన్నది కాదు. జనం నుంచి రెండు వేలకి పైగా డిజైన్లు తీసుకున్నారు, చివరికి ఎంచుకున్నదాంట్లో తెలుపు, ఆకుపచ్చ, లేత నీలం చారలు ఉండేవి, మంచు, పచ్చదనం, నీళ్లు అని చెప్పుకునేవాళ్లు, కమిటీ ఆఖర్లో ఆ చారలు తీసేసి మొత్తం లేత నీలం చేసేసింది. నాకు ఆ చారలే ప్రాణంలా ఉండేవి. సింపుల్‌గా ఉండాలి అనే సూత్రం పట్టుకుని అన్నీ తీసేస్తూ పోతే చివరికి కంపెనీ లోగో మిగులుతుంది. మా మేన్‌లో 2024 నవంబర్‌లో ఓటింగ్ పెట్టారు, 1901 నాటి పైన్ చెట్టు, నీలం నక్షత్రం ఉన్న జెండాకి తిరిగి వెళ్దామా అని. ఆ చెట్టు జెండా ఇక్కడ టోపీల మీద, ఇళ్ల ముందు ఎక్కడ చూసినా ఉంటుంది, అయినా ఓటు దగ్గరకొచ్చేసరికి వద్దన్నారు. ఇల్లినాయిలో 2025లో ఆన్‌లైన్‌లో అడిగితే కొత్త డిజైన్లు పది ఉన్నా పాతదానికే 43 శాతం వచ్చాయి. జనాన్ని అడిగితే వాళ్లు ఏదో ఒకటి చెప్తారు, ఆ చెప్పే హక్కు వాళ్లకి ఇవ్వాలి కదా.

జాక్సన్_తెలుగమ్మాయి:
తూర్పుతీరం గారూ, అడగాలి నిజమే, కానీ ఏమని అడుగుతున్నాం అనేది కూడా చూడాలి. మా మిసిసిపీ సంగతి చెప్తా. ఇక్కడ 1894 నుంచి జెండా మూలలో కాన్ఫెడరేట్ గుర్తు ఉండేది, బానిసత్వం కోసం యుద్ధం చేసినవాళ్ల జెండా అది. స్టేట్‌లో మూడో వంతు కంటే ఎక్కువ మంది నల్లజాతివాళ్లే. 2001లో ఉంచాలా మార్చాలా అని ఓటు పెడితే సుమారు 64 శాతం ఉంచాలనే అన్నారు, ఇంకో 19 ఏళ్లు ఆ నల్లజాతివాళ్లందరూ ఆ జెండా కిందే కోర్టుకి వెళ్లారు, స్కూలుకి వెళ్లారు. ఒక వర్గానికి అవమానం అయ్యే గుర్తు ఉండాలా వద్దా అనేది మెజారిటీ లెక్కతో తేలే విషయం కాదని నేను గట్టిగా నమ్ముతా. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసు చేతిలో చనిపోయాక ఒత్తిడి పెరిగింది, కాలేజీ ఆటల సంఘాలు కూడా ఈ జెండా ఉంటే ఇక్కడ పోటీలు పెట్టబోమన్నాయి, జూన్ 30న గవర్నర్ సంతకంతో పాత జెండా దిగిపోయింది. అప్పుడు తొమ్మిది మంది కమిషన్ ఒక డిజైన్ ఎంచి నవంబర్‌లో జనం ముందు పెట్టింది, ఇది కావాలా వద్దా అని మాత్రమే, వద్దంటే ఇంకోటి తయారు చేస్తారు తప్ప పాతది మాత్రం రాదు. 70 శాతానికి పైగా అవునన్నారు! అదే జనం, అదే స్టేట్. మాగ్నోలియా పువ్వు, చుట్టూ ఇరవై తెల్ల నక్షత్రాలు, మాది ఇరవయ్యో స్టేట్ కాబట్టి, పైన ఒక బంగారు నక్షత్రం, అది ఇక్కడి నేటివ్ తెగలది. పోనీ అందరికీ నచ్చిందా అంటే లేదు, దాని మీద దేవుడి మీద నమ్మకం గురించిన వాక్యం ఉండాలని చట్టంలోనే పెట్టారు, బ్యానర్_ప్రింటర్ గారికి ఆ అక్షరాలు నచ్చవు అనుకుంటా.

మిన్నెసోటాలో కూడా ఇలా కొత్త డిజైన్ మీద ఓటు పెట్టి ఉంటే బావుండేది, ఆ విషయంలో మీతో నేను పూర్తిగా ఏకీభవిస్తా.

నాగలిచాలు:
జాక్సన్ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. డిజైన్ బావుంటే చాలు అనుకోకూడదు. న్యూమెక్సికో జెండాకి 2001లో జెండాల సంఘం పెట్టిన సర్వేలో మొదటి ర్యాంకు వచ్చింది, పసుపు మీద ఎర్ర సూర్యుడు, అద్భుతంగా ఉంటుంది. కానీ ఆ సూర్యుడు జియా ప్యూబ్లో అనే అక్కడి నేటివ్ తెగవాళ్ల పవిత్ర గుర్తు, ఒక కుండ మీద నుంచి తీసుకుని 1925లో జెండా చేసుకున్నారు, వాళ్లని అడగలేదు. దాని గురించి వాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. కాబట్టి ఎవర్ని అడగాలి అన్నప్పుడు ఓటర్లందరితో పాటు, ఆ గుర్తు ఎవరిదో, ఆ బొమ్మలో ఉన్నది ఎవరో వాళ్లని ముందు అడగాలి. మిన్నెసోటా కమిషన్‌లో డకోటా, ఒజిబ్వే తెగలవాళ్లకి సీట్లు ఇచ్చారు, అది నాకు చాలా నచ్చింది.

మంచునేల_ఎంఎన్:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ, రాత్రి కూర్చుని పాత ముద్ర పెద్దది చేసి చూశాను, ఆ మొద్దుకి ఆనించిన తుపాకీ చూశాక ఇక సంతకం పెట్టబుద్ధి కాలేదు. ఆదివారం వెళ్లి ఆయనకే ఆ ఫోటో చూపించి మాట్లాడతా. ఓటు పెట్టలేదన్న ఆయన బాధ మాత్రం నిజమే అని కూడా చెప్తా, ఇకమీదట ఇలాంటివి జనం ముందు పెట్టాలని అడిగే పిటిషన్ అయితే నేనే ముందు సంతకం చేస్తా. పాత జెండాని ఏం చేస్తారు అని ఆయన తప్పకుండా అడుగుతారు, మిసిసిపీలో ఏం చేశారు జాక్సన్ గారూ?

జాక్సన్_తెలుగమ్మాయి:
2020 జులై 1న క్యాపిటల్ మీద నుంచి దించి, మడతపెట్టి, జాక్సన్‌లోని స్టేట్ మ్యూజియంకి అప్పగించారు అండీ. ఆయనకి ఆ మాట చెప్పండి, మీ సిటీ హాల్ జెండాని కూడా కౌంటీ హిస్టారికల్ సొసైటీకి ఇవ్వమని కౌన్సిల్‌ని ఇద్దరూ కలిసి అడగొచ్చు.