2^1277 − 1: సంయుక్తమే, కానీ ఒక్క కారణాంకమూ దొరకలేదు

సున్నాశేషం:
2^1277 − 1 ప్రధాన సంఖ్య కాదని అందరూ ఢంకా బజాయించి చెబుతున్నారు. దేంతో భాగిస్తే నిశ్శేషంగా పోతుందంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. కారణాంకం చూపించకుండా సంయుక్తమని ఎలా తేల్చేశారండీ? ఎవరైనా దీన్ని గెలికి చూశారా?

లెక్కలమారి:
లూకాస్-లేమర్ పరీక్షతో. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేస్తూ పోవాలి. ప్రతిసారీ మన సంఖ్యతో భాగించి శేషమే ఉంచుకోవాలి. ముందు 2^11 − 1, అంటే 2047 మీద కాగితం పెట్టుకుని చేయండి. వరస ఇలా వస్తుంది: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. చివర 0 వస్తే ప్రధానం. రాలేదు కాబట్టి 2047 సంయుక్తం. అది 23 × 89 అని మనకు తెలుసు, కానీ ఆ వరసలో 23 గానీ 89 గానీ ఎక్కడన్నా తగిలాయా? 1277కి ఇదే తంతు 1275 సార్లు. పైథాన్‌లో నాలుగు లైన్లు రాస్తే చిటికెలో అయిపోతుంది.

సున్నాశేషం:
చేశా. 385 అంకెల శేషమేదో వచ్చింది, సున్నా కాదు. అందులోంచి కారణాంకం లాగలేమా?

లెక్కలమారి:
లాగలేం. అది "కాదు" అంటుందంతే.

బేసిరాయుడు:
నేను నేరుగా భాగిస్తూ పోయా. అన్ని సంఖ్యలూ అక్కర్లేదు. ప్రధాన కారణాంకం ఏదైనా 2554k + 1 రూపంలోనే ఉండాలి (2554 అంటే 1277కి రెట్టింపు), పైగా 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. అంటే kని 4తో భాగిస్తే శేషం 0 లేదా 3. తీరా చూస్తే మొదటి అభ్యర్థి 7663 అంటే 79 × 97. తర్వాతది 10217, అదీ 17 × 601. ఆ పైది 17879 = 19 × 941. మూడూ ప్రధానాలే కావు, గుమ్మంలోనే వెనక్కి! ఇంత జల్లెడ పట్టినా కంప్యూటర్ వేడెక్కడం తప్ప ఒరిగిందేమీ లేదు.

పాతపుస్తకం:
ఇది కొత్త బాధేం కాదు. 2^67 − 1 సంయుక్తమని గణితజ్ఞుడు లూకాస్ 1876లోనే తేల్చాడు. దాన్ని 193707721 × 761838257287గా విడగొట్టింది మరో గణితజ్ఞుడు కోల్, 1903లో. బేసిరాయుడు గారి సూత్రం ఇక్కడ సరిచూసుకోవచ్చు: 193707720ని 134తో (67కి రెట్టింపు) భాగిస్తే సరిగ్గా 1445580.

వక్రరేఖ:
నేరుగా భాగించడం మానేయండి గురూ, ఆ దారిలో పోవాల్సినంత దూరం ఎప్పుడో పోయారు. ఎలిప్టిక్ కర్వ్ పద్ధతి పట్టుకోండి. అందులో పట్టే సమయం ప్రధానంగా దాగున్న కారణాంకం సైజును బట్టి ఉంటుంది, మొత్తం సంఖ్య సైజును బట్టి కాదు. నేను ఆ పద్ధతి నడిపే ప్రోగ్రామ్ జీఎంపీ-ఈసీఎంని రాత్రిళ్లు వదిలేస్తుంటా. చాలామంది నడిపేశారు కాబట్టి చిన్న కారణాంకం మీద నాకు ఆశ లేదు. ఇక మిగిలింది నంబర్ ఫీల్డ్ సీవ్ అనే ఇంకో కారణాంక పద్ధతి. దానికి మాత్రం మొత్తం సంఖ్య సైజే లెక్క. 2^1061 − 1ని 2012లో అలాగే పగలగొట్టారు, అది 320 అంకెలు. మనది ఇంకో 65 అంకెలు ఎక్కువ. ఒక్క మెషీన్‌తో అయ్యే పని కానే కాదు.

సున్నాశేషం:
సరే, ఈసీఎం దించుకుంటున్నా. ముందు 2047 మీదే నడిపి 23 వస్తుందో లేదో చూస్తా.

బేసిరాయుడు:
మరీ 2047 ఏంటండీ, 2^67 − 1 ఇవ్వండి. కోల్ లెక్క క్షణంలో బయటపడుతుంది.